2^61 − 1 ప్రధాన సంఖ్యేనని నా ప్రోగ్రామ్ ఒప్పుకోవట్లేదు

2^61 − 1, అంటే 2305843009213693951, ప్రధాన సంఖ్య అని 1883లోనే రష్యా గణితవేత్త పెర్వుషిన్ నిరూపించారు. నేను సీ భాషలో లూకాస్-లెమర్ పరీక్ష (4తో మొదలుపెట్టి, ఒక్కో అడుగులో వర్గం చేసి, 2 తీసేసి, 2^p − 1తో భాగించిన శేషం ఉంచుకోవాలి; p − 2 అడుగుల తర్వాత సున్నా వస్తే 2^p − 1 ప్రధాన సంఖ్య) రాస్తే మాత్రం కాదంటోంది. 2^31 − 1కి 29 అడుగుల తర్వాత సరిగ్గా సున్నా వస్తోంది. 61కి 59 అడుగులు వేసినా సున్నా రావట్లేదు. ఒక్కో అడుగూ చూస్తే 4, 14, 194, 37634, 1416317954, 2005956546822746114 దాకా సరిగ్గానే ఉంది, తర్వాతి వర్గం 64 బిట్లలో పట్టక అక్కడే లెక్క తప్పుతోంది. ఋణ సంఖ్యలు లేని టైప్ అయిన అన్‌సైన్డ్‌కి మార్చాను, లాభం లేదు. నా కంపైలర్‌లో 128 బిట్ల టైప్ లేదు. సంఖ్యను 32 బిట్ల ముక్కలుగా చేసి గుణించాను గానీ మధ్య లబ్ధాలు కలిపేటప్పుడు క్యారీ పోతోంది, రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను.

64 బిట్లు దాటకుండా ఈ వర్గాన్ని 2^61 − 1తో భాగించిన శేషం ఎలా రాబట్టాలి?