పాత ప్రోగ్రామింగ్ నోట్సు తీసేయాలా, ఉంచాలా?

నమస్కారమండీ. మాది విజయవాడ పటమట, ప్రోగ్రామర్‌ని. 2011 నుంచి పనిలో ఎదురైన ప్రతి చిక్కూ, అది ఎలా వీడిందీ తెలుగులో రాసి పెట్టుకుంటున్నాను. అప్పట్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ పైథాన్ 2లో ఒక్క 'అ' అక్షరం పొడవు 3 అని చూపించేది. యూటీఎఫ్-8లో, అంటే అక్షరాలను కంప్యూటర్‌లో బైట్లుగా దాచే పద్ధతిలో, 'అ' లాంటి తెలుగు అక్షరానికి 3 బైట్లు పడతాయని తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఆ పేజీ అంటే నాకిప్పటికీ ప్రాణం.

మొన్న గుంటూరులో ఉండే మా పిన్నిగారబ్బాయి నా నోట్సు చూసి పైథాన్ 3లో లెక్కలు చేసే ఒక ప్రోగ్రామ్ రాశాడు. 3/2 అంటే 1 వస్తుందని నేను రాసింది పైథాన్ 2కి నిజం. పైథాన్ 3లో 1.5 వస్తుంది. మొత్తాలు తప్పి, పాపం వాడు ఆఫీసులో మాట పడ్డాడు. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తోనే ఆగిపోయింది, అయినా నేను ఆ పేజీ మీద ఒక్క ముక్క రాయలేదు. చాలా బాధగా ఉంది.

అన్నీ మళ్లీ పరీక్షించే తీరిక లేదు. తీసేద్దామంటే మనసొప్పడం లేదు. కమాండ్లు పాతబడ్డాయి గానీ, ఎందుకలా జరిగిందో రాసినవి పాతబడలేదు. ఏళ్ల తరబడి ఇలా రాసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: ప్రతి పేజీ పైన తేదీ, వెర్షన్ వేస్తే సరిపోతుందా? ముందు ఏవి సరిచూడాలో మీరెలా తేల్చుకున్నారు?