టొరెంట్ సీడ్ చేస్తున్నా అవతలి వాళ్లకి 0 శాతమే, ఏం మార్చాలి?

మాది కూకట్‌పల్లి. మా కాలనీ భజన బృందం పాటలు మేమే రికార్డ్ చేసుకున్నాం, అందరి పర్మిషన్ ఉంది, మొత్తం 38 జీబీ ఫ్లాక్ (క్వాలిటీ తగ్గని ఆడియో) ఫైళ్లు. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లో సీడ్ పెట్టి, అంటే నా కంప్యూటర్ నుంచి వేరేవాళ్లు దించుకునేలా షేర్ చేసి, నాలుగు రోజులైంది. బెంగళూరులో ఒకరికి, మియాపూర్‌లో మా తమ్ముడికి మాగ్నెట్ లింక్ (టొరెంట్ తెరిచే లింక్) పంపితే ఇద్దరికీ 0 శాతం దగ్గరే ఆగిపోతోంది, నా దగ్గర కింద మూలన మంట బొమ్మ, అంటే బయటి నుంచి కనెక్షన్లు రావట్లేదని గుర్తు.

చేసినవి: యూపీఎన్‌పీ (రౌటర్‌లో పోర్ట్ తనంతట తెరిచే సెట్టింగ్) ఆన్, 51413 పోర్ట్‌కి వచ్చేవి నా కంప్యూటర్‌కి పంపేలా పోర్ట్ ఫార్వర్డింగ్, విండోస్ ఫైర్‌వాల్ కాసేపు ఆఫ్. అయినా పోర్ట్ క్లోజ్డ్ అనే వస్తోంది. రౌటర్‌లో వాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది, అంటే సీజీనాట్ అనుకుంటా, ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ చాలామందికి పంచడం. ఉబుంటు ఐఎస్ఓ టొరెంట్ మాత్రం రాత్రి 11కి కూడా చకచకా దిగింది, కాబట్టి టొరెంట్లనే బ్లాక్ చేశారనిపించట్లేదు.

ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే టొరెంట్ అన్న మాట వినగానే "అది ఇల్లీగల్ సర్" అని పెట్టేశారు. మ్యూజిక్ కంపెనీల కేసులతో 2001లో పాటల షేరింగ్ సర్వీస్ నాప్‌స్టర్ మూతపడింది నిజమే, కానీ 2005లో ఫైల్ షేరింగ్ కంపెనీ గ్రోక్‌స్టర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పట్టుకున్నది పైరసీకి ఉసిగొల్పిన కంపెనీలని, ఫైల్ షేరింగ్‌నే నిషేధించలేదు. ఈ ముక్క వాళ్లకి ఎవరు చెప్పాలి!

స్టాటిక్ ఐపీకి (మారని సొంత పబ్లిక్ అడ్రస్‌కి) డబ్బు కట్టే ఉద్దేశం లేదు. రౌటర్‌లో ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్) మాత్రం కనిపిస్తోంది, మా తమ్ముడి దగ్గరా ఉంది. ఐపీవీ6 మీదుగా సీడ్ అందాలంటే రౌటర్ ఫైర్‌వాల్‌లో, క్యూబిట్‌టొరెంట్‌లో సరిగ్గా ఏ సెట్టింగులు మార్చాలి?