రెండు వారాలు దాటినా గిట్ జీసీ అనాథ కమిట్లను వదలట్లేదు, ఎందుకు?

రుషికొండ_బ్యాకెండ్:
మధురవాడ ఆఫీసులో బిల్డ్ సర్వర్, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) 2.43. పైగిట్2తో (లిబ్‌గిట్2 లైబ్రరీని పైథాన్ నుంచి వాడే మాడ్యూల్) అరగంటకో ప్రివ్యూ కమిట్, అంటే కోడ్ స్నాప్‌షాట్, తయారవుతోంది. క్రియేట్_కమిట్‌కి రిఫరెన్స్ చోట నన్ (None, అంటే ఖాళీ) ఇస్తున్నాం, కాబట్టి ఏ బ్రాంచికీ అంటుకోదు, అనాథగా ఉంటుంది. పేరెంట్‌గా అంతకుముందు ప్రివ్యూని ఇస్తాం. రోజూ రాత్రి గిట్ జీసీ (అక్కర్లేని ఆబ్జెక్టుల్ని ఊడ్చే కమాండ్) నడుస్తోంది. అయినా రెండు నెలల కిందటి కమిట్లు కూడా క్యాట్-ఫైల్‌కి (ఆబ్జెక్ట్‌ని చూపే కమాండ్) దొరుకుతున్నాయి. కౌంట్-ఆబ్జెక్ట్స్‌లో సైజ్-ప్యాక్ (ఆబ్జెక్టులు కలిపి దాచే ప్యాక్ ఫైళ్ల సైజు) 3.12 జీబీ, రోజురోజుకీ పెరుగుతోంది. లిబ్‌గిట్2లోనే జీసీ చేసే ఫంక్షన్ ఏదైనా ఉందా అండీ?

గాజువాక_గురు:
లేదండి. లిబ్‌గిట్2 ఆబ్జెక్టులు రాస్తుంది, ప్యాక్ కడుతుంది, చెత్త ఊడవదు. ఆ పని గిట్‌దే.

ముందు ఆ కమిట్‌ని ఎవరు పట్టుకున్నారో తేల్చండి. గిట్ ఎఫ్ఎస్‌సీకే --అన్‌రీచబుల్ కొట్టండి, ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టుల్ని చూపిస్తుంది. అందులో ఆ హ్యాష్ (కమిట్ గుర్తింపు కోడ్) కనిపిస్తే రీఫ్లాగ్ (బ్రాంచి కొస ఎటెటు కదిలిందో రాసుకునే చిట్టా) తప్పేమీ లేదు, అడ్డం వయసే: గడువు దాటని అనాథల్ని జీసీ తీయదు. --నో-రీఫ్లాగ్స్ కలిపితేనే కనిపిస్తే రీఫ్లాగ్ పట్టుకుందన్నమాట. బ్రాంచి కొస నుంచి చేరుకోలేని కమిట్లకు రీఫ్లాగ్ డిఫాల్ట్ గడువు 30 రోజులు, మిగతావాటికి 90. రెండిట్లోనూ రాకపోతే గిట్ ఫర్-ఈచ్-రెఫ్ --కంటెయిన్స్ చూడండి, ఏదో రెఫ్ (బ్రాంచి, ట్యాగ్ లాంటి పేరు) దాక్కుని ఉంటుంది.

రుషికొండ_బ్యాకెండ్:
మొదటిదాంట్లోనే కనిపించింది. వయసు అంటే రెండు వారాలే కదా?

సిరిపురం_సిస్‌అడ్మిన్:
రెండు వారాలే, కానీ మీ ప్రివ్యూల పేరెంట్ గొలుసే మిమ్మల్ని ముంచింది. గడువు లోపల పుట్టిన అనాథ ఆబ్జెక్ట్ ఒకటి ఉంటే, దాన్నుంచి చేరుకోగలిగినవన్నీ కూడా జీసీ ఉంచేస్తుంది. ఇవాళ్టి ప్రివ్యూకి నిన్నటిది పేరెంట్, దానికి మొన్నటిది. కొస ఎప్పుడూ తాజాగానే ఉంటుంది, కాబట్టి తోక మొత్తం బతికే ఉంటుంది. పేరెంట్‌గా మెయిన్ బ్రాంచి కమిట్‌నే ఇవ్వండి. పాత గొలుసు 14 రోజుల తర్వాత వచ్చే జీసీలో దానంతటదే పోతుంది.

గిట్ 2.41 నుంచి ఇలాంటివన్నీ డిఫాల్ట్‌గా క్రఫ్ట్ ప్యాక్‌లోకి (అనాథల్ని విడిగా ఉంచే ప్యాక్) వెళ్తాయి. ఆబ్జెక్ట్స్ కింద ప్యాక్ ఫోల్డర్‌లో .ఎంటైమ్స్ ఫైలున్న ప్యాకే అది. సైజ్-ప్యాక్‌లో అదీ కలిసే ఉంటుంది.

రుషికొండ_బ్యాకెండ్:
డిస్క్ 96 శాతం నిండింది గురూ, 14 రోజులు ఆగలేం.

గాజువాక_గురు:
అయితే ప్రివ్యూ సర్వీసు ఆపి గిట్ జీసీ --ప్రూన్=నౌ కొట్టండి, గడువు చూడకుండా అనాథల్ని వెంటనే తీసేస్తుంది. ఆపకుండా మాత్రం వద్దు: బ్లాబ్ (ఫైలులోని కంటెంట్) రాసి, కమిట్ ఇంకా రాయకముందు జీసీ వచ్చిందంటే ఆ బ్లాబ్ ఎగిరిపోతుంది, రిపో పాడవుతుంది. ఈ రిపో నుంచి --షేర్డ్‌తో (ఆబ్జెక్టుల్ని కాపీ చేయకుండా ఇక్కడివే వాడుకునేలా) తీసిన క్లోన్లుంటే అవీ దెబ్బతింటాయి. వాటి ఆబ్జెక్ట్స్/ఇన్ఫో/ఆల్టర్నేట్స్ ఫైలు చూసుకోండి. రీఫ్లాగ్ ఎక్స్‌పైర్ --ఎక్స్‌పైర్=నౌ --ఆల్ మీకు అక్కర్లేదు, అది స్టాష్ (కమిట్ చేయకుండా పక్కన పెట్టిన మార్పులు) జాబితాని కూడా తుడిచేస్తుంది.

సిరిపురం_సిస్‌అడ్మిన్:
ఇంకోటి. జీసీ అయ్యాక డీయూ (ఫోల్డర్ సైజు) తగ్గినా డీఎఫ్ (డిస్క్ మొత్తం వాడకం) తగ్గకపోతే కంగారుపడకండి. పాత ప్యాక్‌ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ ఇంకేదో ఉండి ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1తో (తుడిచినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లను చూపే కమాండ్) వెతికి దాన్నీ రీస్టార్ట్ చేయండి, జాగా వచ్చేస్తుంది.