చాప్టర్ 13లో నెలనెలా కట్టే మొత్తం: సవాలు చేయాలా, ఒప్పుకోవాలా?

కృష్ణాతీరం (ప్లేనో, టెక్సస్):
మార్చిలో చాప్టర్ 13 దివాలా ఫైల్ చేశాను, అంటే ఆదాయం ఉన్నవాళ్లు కొన్నేళ్లపాటు నెలనెలా కట్టి అప్పుల్లో కొంత తీర్చే అమెరికా పద్ధతి. కార్డుల అప్పు, ఆసుపత్రి బిల్లులు, ఇద్దరు స్నేహితుల దగ్గర చేబదుళ్లు. నెలకు 1,250 డాలర్లు కడతానని ప్లాన్ ఇచ్చాను. ట్రస్టీ (దివాలా కేసును పర్యవేక్షించే అధికారి) ఒప్పుకోలేదు. నెలకు 2,100 చొప్పున అరవై నెలలు కట్టాలంటున్నారు. ఫైలింగ్‌కు ముందు ఆరు నెలల సగటు ఆదాయం తీస్తే అంత వచ్చిందట. ఆ ఆరు నెలల్లో పాత కంపెనీ జీతం ఉంది, లేఆఫ్ చేసినప్పుడిచ్చిన సెవరెన్స్ కూడా ఉంది. ఇప్పటి జీతం దానికన్నా మూడో వంతు తక్కువ. పైగా తెనాలిలో అమ్మ డయాలసిస్‌కి పంపే 350 డాలర్లను ఖర్చు కింద లెక్కేయరట. హియరింగ్ మూడు వారాల్లో ఉంది. "కోర్టుతో పెట్టుకోకు, ఒప్పేసుకో" అంటున్నారు తెలిసినవాళ్లు. ఒప్పుకుంటే మూడో నెలకే వాయిదా తప్పుతాను. రాత్రిళ్లు నిద్ర లేదు. ఏం చేయమంటారు?

గోదారి గట్టు:
మీ కష్టం అర్థమైంది. కానీ అటువైపు ఉన్నవాడి మాట కూడా వినండి. 2018లో ఒక స్నేహితుడికి 12,000 డాలర్లు చేబదులిచ్చాను, నోటు కూడా రాయించుకోలేదు. అతను చాప్టర్ 13కి వెళ్లాడు. ఐదేళ్లలో నాకు చేరింది మొత్తం 1,700 కూడా లేదు. మా పాప కాలేజీకని దాచిన డబ్బు అది. మీరు తగ్గించుకునేదంతా బ్యాంకులకే నష్టం అనుకోకండి. ఆ 350 ఒక్కటే అరవై నెలలకు 21,000 అవుతుంది. అందులో మీ ఇద్దరు స్నేహితుల వాటా ఉంది.

పాత ఫైళ్లు:
పదకొండేళ్లుగా దివాలా కేసులు చూసే లాయర్ ఆఫీసులో పని చేస్తున్నాను. తమ్ముడూ, సవాలు చేయండి. అది మీ హక్కు. ట్రస్టీ చెప్పింది అభ్యంతరం మాత్రమే, తేల్చేది జడ్జి.

సరిగ్గా మీలాంటి కేసే 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, హామిల్టన్ వర్సెస్ లానింగ్. కాన్సస్‌లో ఒకావిడకి పాత ఉద్యోగం వదిలినందుకు ఒకేసారి పెద్ద మొత్తం వచ్చింది. దాంతో ఆరు నెలల సగటు ఉబ్బింది. ఆవిడ నెలకు 144 డాలర్లు కడతానంది, ట్రస్టీ 756 అడిగారు. ఆదాయంలో వచ్చిన మార్పు ఖాయంగా తెలిసినప్పుడు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని ఎనిమిది మంది జడ్జీలు ఆవిడ వైపు తీర్పిచ్చారు. మీ కొత్త ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు (జీతం చీటీలు), సెవరెన్స్ కాగితం లాయర్‌కి ఈ వారమే ఇవ్వండి.

అమ్మగారి సంగతి. వృద్ధులు, దీర్ఘరోగులు అయిన తల్లిదండ్రుల కోసం ముందునుంచీ పెడుతున్న అవసరమైన ఖర్చుకు చట్టంలోనే చోటుంది. వాళ్లు మీ ఇంట్లోనే ఉండాలని లేదు. కానీ వాళ్లు సొంతంగా భరించలేరని చూపించాలి. మనవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. డబ్బు బావమరిది అకౌంట్‌కి వెళ్తుంది, అతను తీసి ఆసుపత్రిలో నగదు కడతాడు, రసీదు ఉండదు. డయాలసిస్ సెంటర్ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నాన్నగారికి పెన్షన్ లేకపోతే ఆ సంగతి, అన్నీ ఇంగ్లీషులోకి మార్పించి పెట్టండి.

అన్నిటికన్నా ముందు ఒకటి అడగాలి. ఇండియాలో మీ పేరు మీద స్థలం ఉందా?

కృష్ణాతీరం:
ఉంది అక్కా. తెనాలి దగ్గర 200 గజాలు, నాన్న నా పేరున రాశారు. ఫారాల్లో రాయలేదు. ఇక్కడి కోర్టుకి దానితో ఏం సంబంధం అనుకున్నాను.

పాత ఫైళ్లు:
వెంటనే లాయర్‌కి ఫోన్ చేయండి. ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా దివాలా లెక్కలోకి వస్తుంది. ఆ ఆస్తులు అమ్మితే, మినహాయింపులు (చట్టం మీకే వదిలేసే ఆస్తి) పోను అప్పులవాళ్లకు ఎంత వచ్చేదో, మీ ప్లాన్‌లో అంతకు తగ్గకూడదు. కాబట్టి ఆదాయం లెక్కలో మీరు గెలిచినా, స్థలం వల్ల మొత్తం మళ్లీ పెరగొచ్చు. అయినా చెప్పాల్సిందే. ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితాలవి. తర్వాత బయటపడితే కేసే పోవచ్చు, శిక్ష దాకా వెళ్లొచ్చు. ఫారాలు సవరించుకునే వీలుంది, అదీ వాళ్లు కనిపెట్టకముందే.

గోదారి గట్టు:
అమ్మగారి 350కి నేనిక అడ్డు చెప్పను. బిల్లులు చూపిస్తే అది న్యాయమే. స్థలం మాత్రం చూపించండి బ్రదర్. నా స్నేహితుడికీ శంషాబాద్ దగ్గర ప్లాట్ ఉందని నాకు ఐదేళ్లయ్యాక తెలిసింది. డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ బాధించింది.

కృష్ణాతీరం:
లాయర్‌తో మాట్లాడాను. సోమవారం స్థలం చేర్చి ఫారాలు సవరిస్తున్నాం, విలువ కట్టించి పంపమని నాన్నకి చెప్పాను. సెవరెన్స్ మీద, అమ్మ ఖర్చు మీద వాదన మాత్రం వదలడం లేదు. జనవరి నుంచి ఉన్న డయాలసిస్ బిల్లులు చెల్లెలు ఫోటో తీసి పంపుతోంది. ఇప్పటికి పద్నాలుగు వచ్చాయి.