షింకెల్ చిత్రకారుడా, పని లేనప్పుడు బొమ్మలేసిన ఆర్కిటెక్టా?

గీతల పుస్తకం:
కార్ల్ ఫ్రీడ్రిష్ షింకెల్ (1781–1841) గురించి ఎవరు రాసినా ఒకటే పాట. బెర్లిన్‌కి రూపం ఇచ్చిన మహా ఆర్కిటెక్ట్ అనీ, నెపోలియన్ దెబ్బకి ప్రష్యాలో (బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యం) కట్టడాలు ఆగిపోయినప్పుడు పొట్టకూటి కోసం బొమ్మలు వేశాడనీ. నాకిది నచ్చదు. 1806లో ప్రష్యా ఓడిపోయింది, పనులు లేవు, నిజమే. పలెర్మో నగరం పనోరమా (చూసేవాళ్ల చుట్టూ తిరిగే పెద్ద బొమ్మ) 1808లో వేశాడు. తర్వాత మాస్కో తగలబడటాన్ని బొమ్మగా చూపించి జనాన్ని కూర్చోబెట్టాడు. కాని పనులు దొరికాక మానేశాడా? 1816లో మోజార్ట్ ఆపెరా (పాటల నాటకం) 'మ్యాజిక్ ఫ్లూట్'కి వేసిన సెట్లు చూడండి. రాత్రి రాణి నెలవంక మీద నిలబడి ఉంటుంది, వెనక నీలం గుమ్మటంలో నక్షత్రాలు వరసలు కట్టి ఉంటాయి. అప్పటికి ఆయన ప్రభుత్వ నిర్మాణ శాఖలో పెద్ద ఆఫీసరు. పొట్టకూటి కోసం అనడానికి లేదు. నా మాట ఏంటంటే, ఆయన కట్టింది కూడా చిత్రకారుడి కన్నుతోనే.

ఇసుకా సిమెంటూ:
గీతల పుస్తకం గారూ, సైట్ల మీద తిరిగేవాణ్ణి కాబట్టి ముక్కుసూటిగా చెప్తా. బొమ్మలో స్తంభం ఎక్కడైనా నిలబడుతుంది, కింద నేల గట్టిదో కాదో బొమ్మకి అక్కర్లేదు. బెర్లిన్‌లో ఆయన ఆల్టెస్ మ్యూజియం కట్టిన చోట కాలువ ఉండేది. దాన్ని పూడ్చి, నేలలోకి వేలకొద్దీ చెక్క దుంగలు దింపి, వాటి మీద పునాది వేశాడు. షౌష్పీల్‌హౌస్ అనే నాటకశాల సంగతి ఇంకా ముచ్చట. పాత థియేటర్ తగలబడితే, మిగిలిన గోడలూ ముందరి స్తంభాలూ వాడుకునే కొత్తది కట్టాలన్నారు, ఖర్చు తగ్గాలని. ఆ లెక్కల్లో తల బద్దలుకొట్టుకుని 1821కి పూర్తి చేశాడు. ఇది బొమ్మలేసేవాడి పనా?

పైగా 1826లో ఇంగ్లండ్ వెళ్లి, మాంచెస్టర్‌లో ఆగి ఏం గీసుకున్నాడు? ఇటుక మిల్లులు! అన్నీ ఒకేలాంటి కిటికీలు, అంతస్తు మీద అంతస్తు.

స్ప్రే ఒడ్డున:
ఇద్దరూ తిట్టుకోకండి, నేను ఉండేది బెర్లిన్‌లోనే. ఆల్టెస్ మ్యూజియం గురించి ఒక మాట. బయటి నుంచి చూస్తే ముందు వరసలో 18 అయోనిక్ స్తంభాలు (తల దగ్గర చుట్టలు తిరిగిన గ్రీకు తరహావి), అంతే, నిక్కచ్చిగా ఉంటుంది, నాకైతే మొదట బోర్ కొట్టింది. అసలు మజా మెట్లెక్కాక. పైకి వెళ్లి వెనక్కి తిరిగితే స్తంభాల సందుల్లోంచి తోటా ఊరూ ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి. స్తంభం నల్లగా దగ్గర్లో, ఊరు లేతగా దూరంలో. ఇప్పుడు మధ్యలో అద్దం బిగించారు, అయినా ఆ చూపు పోలేదు. ఆయన అచ్చువేయించిన సొంత డిజైన్ల సంపుటిలో ఈ భవనానికి ఒక బొమ్మ ఉంది, అదీ సరిగ్గా ఇక్కడ నిలబడి చూసినట్టే గీశాడు. సొంత భవనాన్ని చూపించమంటే బయటికి చూస్తున్న బొమ్మ ఎవరైనా వేస్తారా?

గీతల పుస్తకం:
అదే నేను చెప్తున్నది! ఇంకో ముక్క కలుపుతా. మ్యూజియానికి శంకుస్థాపన 1825లో. అదే ఏడు ఆయన 'గ్రీసు వికసించిన కాలం' అని పెద్ద పటం వేశాడు, రాజు కూతురు లూయిస్ పెళ్లికి బెర్లిన్ నగరం ఇచ్చిన కానుక. అసలుది యుద్ధంలో పోయింది. ఆల్‌బోర్న్ అనే చిత్రకారుడు చేసిన నకలు మిగిలింది. అందులోనూ చూసేవాడు ఎత్తున, స్తంభాల వెనక నిలబడతాడు, దూరంగా ఊరు. పటమూ మెట్లూ ఒకే చూపు, ఒకే సంవత్సరం. ఏది ముందు పుట్టిందని అడక్కండి, నా దృష్టిలో రెండూ ఒకటే పని.

ఇసుకా సిమెంటూ:
ఆ పటం చూశా ఇప్పుడే. సారీ, అది మా పార్టీదే అండీ. ముందుభాగంలో ఉన్నది ఏంటి? గుడి కడుతున్నారు! మనుషులు శిల్పం చెక్కిన రాతిదిమ్మని పైకి చేరుస్తున్నారు, పరంజా కట్టి ఉంది. గ్రీసు వైభవం వెయ్యమంటే దేవుళ్లనీ వీరులనీ వెయ్యకుండా కూలీలని వేశాడు. సైటు మీద మనసున్నవాడే అలా వేస్తాడు.

మెట్లు ఒప్పుకుంటా. కాని 1836కి పూర్తయిన బావ్ అకాడమీ, అదే ఆయన కట్టిన నిర్మాణ విద్య బడి, దాని సంగతి చెప్పండి. నాలుగు వైపులా ఒకటే ముఖం, ఎర్ర ఇటుక, బిగించడానికి ఇనుప కడ్డీలు, నిప్పుకి తట్టుకునే ఇటుక కప్పులు, కింద అద్దెకిచ్చే షాపులు. ఎక్కడుంది బొమ్మ?

గీతల పుస్తకం:
కిటికీల కింద! కాల్చిన మట్టి పలకల్లో భవన నిర్మాణ కళ కథంతా చెక్కించాడు.

స్ప్రే ఒడ్డున:
ఆ భవనంలోనే పై అంతస్తులో ఆయన కాపురం, 1841లో పోయింది కూడా అక్కడే. తర్వాత కథే బాధ. 1945లో బాంబులకి దెబ్బతింది, బాగుచేయడం మొదలుపెట్టి, 1962లో తూర్పు జర్మనీ ప్రభుత్వం కూల్చేసింది. దాని స్థలంలో విదేశాంగ శాఖ భవనం కట్టారు. దాన్నీ 1995లో కూల్చేశారు. మళ్లీ ఉన్నదున్నట్టు కట్టాలా, కొత్తగా కట్టాలా అని ఇక్కడ ఏళ్ల తరబడి కొట్లాట. పార్లమెంటు 2016లో 62 మిలియన్ల యూరోలు కేటాయించింది, అయినా వెంటనే తేలలేదు. గీతల పుస్తకం గారు సంతోషించే సంగతి ఒకటి: 2004లో పరంజా కట్టి, దానికి గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద భవనం మొత్తం అచ్చు వేశారు. నిజం సైజులో, కిటికీలతో సహా. దూరం నుంచి భవనమే అనుకునేవాళ్లు, గాలి వీస్తే గోడ ఊగేది.

గీతల పుస్తకం:
చూశారా, కట్టింది పోయి బొమ్మే నిలబడింది.

ఇసుకా సిమెంటూ:
ఆగండాగండి. ఆ గుడ్డ కంటే ముందే ఒక మూల మాత్రం నిజం ఇటుకతో మళ్లీ కట్టారు కదా, నమూనాకి? స్ప్రే ఒడ్డున గారూ, ఈసారి అటు వెళ్తే గాలి వీస్తున్నప్పుడు ఆ మూల ఊగిందేమో చూసి చెప్పండి.