వానలో, గాలిలో ప్రొఫెషనల్ గోల్ఫర్ తన ఆట మార్చుకోవాలా?

పచ్చికబాట:

2011లో రాయల్ సెయింట్ జార్జెస్ కోర్సులో ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ) ముగిశాక గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ అన్న మాట మీద చర్చ పెడుతున్నాను. వాతావరణమే ఫలితాన్ని ఇంతగా తేల్చేసే టోర్నీలు తనకు నచ్చవన్నాడు. ఏడాదిలో ఒక్క వారం కోసం ఆట మార్చుకోవడంలో అర్థం లేదన్నాడు. అంతకు నెల ముందే యు.ఎస్. ఓపెన్‌ను 8 షాట్ల తేడాతో గెలిచినవాడు. అప్పట్లో చాలామంది అతన్ని తప్పుపట్టారు. నాకు మాత్రం సబబే అనిపిస్తుంది.

ప్రొఫెషనల్ ఆడే వారాల్లో ఎక్కువ భాగం ఎండలోనే గడుస్తాయి. బంతి ఎత్తుగా లేచి, వాలిన చోటే ఆగాలి. అతని బతుకుతెరువు ఆ ఆటే. ఏళ్ల తరబడి కట్టుకున్న స్వింగ్‌ను వాన పడిందని విప్పి పక్కన పెట్టలేం. బంతిని వెనక పాదం వైపు పెట్టుకుని కింద నుంచి పోయే షాట్లు నేను నెల రోజులు సాధన చేశాను. ఆ తర్వాత నా మామూలు డ్రైవ్ దారిలో పడటానికి మరో రెండు నెలలు పట్టింది. మెకిల్‌రాయ్ 2014లో హొయ్‌లేక్‌లో 17 అండర్‌తో (పార్, అంటే కోర్సుకు నిర్ణయించిన షాట్ల కన్నా 17 తక్కువతో) అదే ఓపెన్ గెలిచాడు. తన ఆటకు సరిపడే వాతావరణం దొరికింది, గెలిచాడు. ఇందులో తప్పేముంది?

ఈదురుగాలి:

పచ్చికబాట గారూ, స్వింగ్ మార్చుకోవడం వేరు, షాట్ మార్చుకోవడం వేరు. మీరు రెంటినీ ఒకే ముడి వేశారు.

ఎదురుగాలిలో ఏం జరుగుతుందో చూడండి. ఐరన్‌తో (లోహపు తల ఉన్న క్లబ్బుతో) కొట్టిన బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది, ఆ స్పిన్నే దాన్ని పైకి లేపుతుంది. ఎదురుగాలి తగిలితే లేపే బలం ఇంకా పెరుగుతుంది. బంతి గాలిపటంలా పైకి పోయి, ముందుకు సాగక కూలబడుతుంది. కోపంకొద్దీ ఇంకా గట్టిగా కొడితే స్పిన్ పెరిగి మరింత పైకి పోతుంది. అందుకే 8 ఐరన్ దూరానికి, ఇంకా దూరం కొట్టే 6 ఐరన్ తీసి, గ్రిప్ కాస్త కిందికి పట్టుకుని, ముప్పావు స్వింగ్‌తో నెమ్మదిగా కొట్టమంటారు. అదే స్వింగ్, కాకపోతే పొట్టిది. చలిలో గాలి చిక్కబడి బంతి తక్కువ దూరం పోతుంది కాబట్టి అప్పుడూ పెద్ద క్లబ్బే తీస్తారు. దాన్నెవరూ ఆట మార్చుకోవడం అనరు కదా?

ఇక 2011 సంగతి. ఆ ఓపెన్ గెలిచింది డారెన్ క్లార్క్. వయసు 42, ఓపెన్‌లో అతనికది ఇరవయ్యో ప్రయత్నం. క్లార్క్‌దీ మెకిల్‌రాయ్‌దీ ఉత్తర ఐర్లండే, ఇద్దరూ గాలిలో, వానలో పెరిగినవాళ్లే. క్లార్క్ దగ్గర ఉన్నదల్లా బంతిని నేలబారుగా పంపే షాట్లు, బోగీ (ఒక హోల్‌లో పార్ కన్నా ఒక షాట్ ఎక్కువ) వచ్చినా చెక్కుచెదరని ఓపిక. మెకిల్‌రాయ్‌కి ఆ షాట్లు చేతకావని నేను అనను. ఆ వారం అవి కొట్టే మనసు అతనికి లేదు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే అంత సహజమైన చెయ్యి ఉన్న ఆటగాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

ఏడో ఐరన్:

మీరిద్దరూ అదృష్టం ఊసే ఎత్తలేదు. 2010 ఓపెన్‌లో సెయింట్ ఆండ్రూస్‌లో మెకిల్‌రాయ్ మొదటి రోజు 63 షాట్లలో ముగించాడు. రెండో రోజు గాలికి అదే చేత్తో 80. అదే రోజు పొద్దున్నే ఆడేసిన లూయీ ఊస్ట్‌హౌజెన్ 67తో ముగించాడు, చివరికి 7 షాట్ల తేడాతో గెలిచాడు కూడా. టీ టైము (ఆట మొదలుపెట్టే వేళ) చీటీలో ఏది వస్తే అది. దీన్ని ఏ సాధనతో దిద్దుకుంటారు?

2002 ఓపెన్‌లో మ్యూర్‌ఫీల్డ్‌లో టైగర్ వుడ్స్ సంగతీ గుర్తు చేసుకోండి. ఆ ఏడాది మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్ గెలిచి వచ్చాడు. శనివారం తుపాను గాలిలో 81. మర్నాడు 65. కోర్సును బట్టి ఆట మార్చడంలో టైగర్‌ను మించినవాడు లేడు. 2006లో హొయ్‌లేక్‌లో ఎండకు నేల బండబారితే నాలుగు రోజుల్లో డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) ఒక్కసారే తీసి గెలిచాడు. అలాంటివాడికే మ్యూర్‌ఫీల్డ్‌లో దారి దొరకలేదు.

ఈదురుగాలి:

అదృష్టం ఉంది, కాదనను. కానీ ఏడో ఐరన్ గారూ, మీరు చెప్పిన ఆ శనివారం మధ్యాహ్నమే ఎర్నీ ఎల్స్ కూడా ఆ వాతావరణంలోకే దిగి 72తో బయటపడ్డాడు. మర్నాడు నలుగురి ప్లేఆఫ్‌లో నెగ్గి టైటిల్ పట్టుకుపోయాడు. టీ టైము చీటీ మన చేతిలో లేదు. చీటీ వచ్చాక 81 అవుతుందా 76 అవుతుందా అన్నది చాలావరకు మన చేతిలోదే. మేజర్‌లో (ఓపెన్, మాస్టర్స్ లాంటి పెద్ద టోర్నీలో) ఆ అయిదు షాట్లు చాలు.

మూడో పట్:

ఎప్పుడూ ఓపెన్ గురించేనా? 2007 మాస్టర్స్ చూడండి. అగస్టాలో చలి, గాలి, బండబారిన గ్రీన్లు (జెండా, గుంట ఉండే నున్నటి పచ్చిక). గెలిచిన స్కోరే 1 ఓవర్ (పార్ కన్నా ఒక షాట్ ఎక్కువ). జాక్ జాన్సన్ ఆ వారం ఒక్క పార్ 5 (అయిదు షాట్లు పార్‌గా ఉన్న హోల్) మీద కూడా రెండో షాట్‌తో గ్రీన్‌కు గురిపెట్టలేదు. ప్రతిసారీ ముందే ఆపి, తనకు నచ్చిన దూరం నుంచి వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్బు) కొట్టాడు. పార్ 5లు మొత్తం కలిపి 11 అండర్. కొత్త షాటేదీ నేర్చుకోలేదు, తన వెడ్జ్‌ను నమ్ముకున్నాడంతే. ఇది మార్చుకోవడమా కాదా, పచ్చికబాట గారూ? మీ లెక్కలో కాకపోతే మీకూ ఈదురుగాలి గారికీ తేడా పెద్దగా లేదు.

పచ్చికబాట:

జాన్సన్ చేసింది నా వైపుకే వస్తుంది. తనకు వచ్చిన ఆటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను వద్దంటున్నది ఒక్క వారం కోసం నెల ముందు నుంచీ కొత్త స్వింగ్ ఎత్తుకోవడం. 8 బదులు 6 తీయడానికి నాకు అభ్యంతరం లేదు, అది నా మొదటి పోస్టులో సరిగా చెప్పలేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక హద్దు కావాలి. 2015 ఓపెన్‌లో సెయింట్ ఆండ్రూస్‌లో గ్రీన్ మీద పెట్టిన బంతి గాలికి దానంతటదే కదిలింది. శనివారం ఆట ఆపారు, టోర్నీ సోమవారానికి పాకింది. అలాంటప్పుడు ఏ షాట్ ఎంచుకున్నా ఒకటే.

ఈదురుగాలి:

బంతి నిలవనప్పుడు ఆపాల్సిందే. పిడుగు భయం ఉన్నా అంతే. 1975లో వెస్టర్న్ ఓపెన్‌లో లీ ట్రెవినో పిడుగు దెబ్బ తిన్నాడు. పిడుగు ప్రమాదం ఉందనిపిస్తే కమిటీ చెప్పేదాకా ఆగకుండా ఆటగాడే ఆట ఆపవచ్చు. వాన, గాలి మాత్రమే అయితే ఆ వీలు లేదు, సరైన కారణం లేకుండా ఆపితే టోర్నీ నుంచి తీసేస్తారు. అంటే వానలో ఆడటం ఈ ఆటలో భాగమేనని నియమాలు రాసినవాళ్లే అనుకున్నారు.

2019 ఓపెన్‌లో రాయల్ పోర్ట్‌రష్‌లో ఆఖరి రోజు షేన్ లౌరీని చూశాను. వాన, గాలి. నాలుగు షాట్ల ఆధిక్యంతో బయలుదేరాడు. జెండాలకు నేరుగా గురిపెట్టకుండా, బోగీ వస్తే బోగీతో సర్దుకుని 72 కొట్టాడు. గెలుపు తేడా 6 షాట్లు. శనివారం నాటి అతని 63 కంటే నాకు ఆ 72 ఎక్కువ గుర్తుంది.