వెయ్యి బొమ్మల పేర్లు గుర్తుపట్టే కుక్కకు మాట అర్థమైనట్టేనా?

జిజ్ఞాసి (ప్రశ్న):
ఛేజర్ అనే బోర్డర్ కోలీ కుక్క 1,022 వస్తువులను పేరు చెబితే చాలు గుర్తుపట్టి తెచ్చేదని, దాన్ని పెంచిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పిల్లీ 2011లో వెలువరించిన పరిశోధన గురించి చదివాను. అయితే మన చూపును, చేతి కదలికను పసిగట్టడంలో కుక్కలు ఆరితేరినవి కదా. అది మాట విని బొమ్మను తెచ్చిందో, యజమాని కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించి తెచ్చిందో పరిశోధకులు ఎలా తేలుస్తారు? పక్షుల కూతల్లో అర్థం ఉందని చెప్పేవారికీ ఇలాంటి చిక్కే ఎదురవుతుందా?

సూక్ష్మదర్శి:
మీ సందేహం ఈ శాస్త్రంలో చాలా పాతది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలకు జవాబులను డెక్కతో నేలను తట్టి చెబుతోందని అందరూ అబ్బురపడ్డారు. ఆస్కార్ ఫ్యుంగ్‌స్ట్ 1907లో దాన్ని పరీక్షించి, ప్రశ్న వేసిన మనిషికే జవాబు తెలియనప్పుడు, లేదా ఆ మనిషి గుర్రానికి కనబడనప్పుడు, అది తప్పు చెబుతోందని నిరూపించాడు. సరైన అంకె రాగానే మనిషి తలలోనో భుజాల్లోనో వచ్చే స్వల్పమైన కదలికను, ఆ మనిషికే తెలియని కదలికను, గుర్రం పట్టుకునేది. అప్పటినుంచి ఇలాంటి ప్రయోగాలలో జంతువుకు మనిషి కనబడకుండా చూడటం మొదటి జాగ్రత్త అయింది.

2004లో యూలియానే కామిన్‌స్కీ బృందం రికో అనే కుక్కను పరీక్షించినప్పుడు బొమ్మలను పక్క గదిలో పేర్చింది. రికోకు అప్పటికే సుమారు 200 వస్తువుల పేర్లు తెలుసు. తెలిసిన ఏడు బొమ్మల మధ్య ఎన్నడూ చూడనిది ఒకటి ఉంచి, ఎన్నడూ వినని పేరు చెబితే, అది పదిసార్లలో ఏడుసార్లు ఆ కొత్త వస్తువునే తెచ్చింది. కొత్తదనం మీద మోజుతోనే తెచ్చిందని ఎవరూ అనకుండా, కొత్త పేరు చెప్పే ముందు తెలిసిన బొమ్మ ఒకదాన్ని అడిగేవారు. నా దృష్టిలో 200, 1,022 వంటి అంకెల కంటే ఈ చిన్న ఏర్పాటే విలువైనది.

అయినా ఒక అభ్యంతరం మిగిలింది. కుక్కకు వినిపించేది వస్తువు పేరు కాదు, 'ఫలానాది తే' అనే మొత్తం ఆజ్ఞ కావచ్చునని కొందరు అన్నారు. పిల్లీ ఛేజర్‌కు నోటితో పట్టుకోవడం, ముక్కుతో తాకడం, పంజాతో తాకడం అనే మూడు ఆజ్ఞలను వేర్వేరు బొమ్మల పేర్లతో కలిపి చెప్పినప్పుడు అది చెప్పిన పనిని చెప్పిన బొమ్మతోనే చేసింది. కాబట్టి పేరు, పని దానికి విడివిడిగా అందుతున్నాయనే అనుకోవాలి. దీన్ని వ్యాకరణం అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

పాలపిట్ట:
పక్షుల గురించి నేను చెబుతాను. అడవిలో యజమాని ఉండడు గనుక, పరిశోధకులు రికార్డు చేసిన కూతను వినిపించి ప్రవర్తనను గమనిస్తారు. జపాన్‌లో తొషితాకా సుజుకీ టిట్ జాతి పిట్టలపై చేసిన పని ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక రకం కూత వింటే అవి ప్రమాదం కోసం చుట్టూ చూస్తాయి. మరో రకం కూత వింటే దగ్గరికి వస్తాయి. రెండూ వరుసగా వినిపిస్తే చుట్టూ చూస్తూనే దగ్గరికి వస్తాయి. అవే స్వరాలను తారుమారు చేసి వినిపిస్తే అంతగా స్పందించవని 2016లో వెలువడిన పరిశోధన చెబుతుంది.

నాకు అంతకంటే నచ్చింది 2018 నాటిది. ఈ పిట్టలకు పాము కనబడినప్పుడు మాత్రమే చేసే హెచ్చరిక కూత ఒకటి ఉంది. దాన్ని వినిపిస్తూ, ఒక చిన్న పుల్లకు దారం కట్టి చెట్టు మొదలు మీదుగా పాము పాకుతున్నట్టు పైకి లాగితే, పిట్టలు దగ్గరికి వచ్చి పుల్లను పరికించాయి. వేరే కూత వినిపించినప్పుడు గానీ, పుల్లను పాములా కాక మరోలా కదిలించినప్పుడు గానీ అలా రాలేదు. కూత వినడంతోనే వాటి కళ్లు పాము ఆకారం కోసం వెతుకుతున్నాయన్నమాట.

జిజ్ఞాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి తప్పు చేసిన కుక్క తల వంచుకుని చూసే చూపు సంగతేమిటి? అది తప్పు తెలిసి చూసే చూపేనా?

పాలపిట్ట:
అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించారు. వద్దన్న తిండి కుక్క తిన్నదో లేదో యజమానికి కొన్నిసార్లు తప్పుగా చెప్పారు. ఆ చూపు కుక్క తినడాన్ని బట్టి కాక, యజమాని మందలించడాన్ని బట్టి వచ్చింది. ఏమీ తినకుండానే చీవాట్లు తిన్న కుక్కలలోనూ అది బాగా కనిపించింది.

సూక్ష్మదర్శి:
జిజ్ఞాసి గారూ, మీ ఇంట్లో కుక్క ఉంటే రికో పరీక్షను మీరూ చేయవచ్చు. బొమ్మలను మీకు కనబడని గదిలో, మరొకరి చేత, ప్రతిసారీ వరుస మార్చి పెట్టించండి. రెండే బొమ్మలైతే సగం సార్లు అదృష్టం కొద్దీ సరిపోతుంది గనుక ఎక్కువ బొమ్మలు ఉంచండి. దానికి బాగా ఇష్టమైన బంతిని మాత్రం అందులో కలపకండి, ఏ పేరు పిలిచినా దాన్నే తెస్తుంది.